అనంతపురము మెట్టనేలలో మొక్కల నీటి పొదుపు

నీటి కరవు వచ్చినప్పుడు మనుష్యుడు పని వెదకికొనుచు పొరుగు సీమకు పోవును. పశువులను మేతగల చోటికి తోలుకొనిపోవుదురు. మొక్కకు అట్టి వెసులుబాటు లేదు. అది మొలచిన చోటనే ఎండను, వడగాలిని, వానలేమిని ఓర్చుకొనవలెను. అందుకై అది తన ఆకులను, వేళ్లను మాత్రమేగాక, తనలో ఆహారము తయారగు విధానమును గూడ మార్చుకొనును. ఈ లోపలి మార్పులను శాస్త్రజ్ఞులు జీవక్రియలోని సర్దుబాట్లు అందురు.

గ్రామ పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట కేవలము విజ్ఞానము కొరకు కాదు. ఏ పొలమున ఏ పైరు వేయవలెను, బంజరున ఏ గడ్డి పెంచవలెను, చేనిగట్టున ఏ మొక్క నాటవలెను అను ప్రశ్నలు తరచుగా మన ముందుకు వచ్చుచుండును. వీనికి సమాధానము చాలవరకు ఆ మొక్క నీటిని ఏ విధముగా వెచ్చించుననుదానిపై ఆధారపడియున్నది.

మన నేల, మన వాన

అనంతపురము పట్టణము సముద్రమట్టమునకు సుమారు 335 మీటర్ల ఎత్తున గలదు. దక్షిణమున పెనుకొండ, మడకశిరల వైపు పోయినకొలది నేల ఇంకను ఎత్తగును. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన పాత జిల్లాలో కొంత భాగము పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడినది. జిల్లాలు రెండైనను కరవు మాత్రము ఒక్కటే. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలమీదనే తమ నీటిని చాలవరకు కురిపించి, తేలికపడిన మేఘములతో మన సీమకు వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమును తడిపి, ఇక్కడికి చేరునప్పటికి బలహీనపడును. ఆ కారణమున ఇచ్చట సంవత్సరమంతటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే.

ఆ వాన గూడ సమముగా కురియదు. రెండు వానల నడుమ మూడు నాలుగు వారములు ఎండ కాయుట రైతు లందరికి అనుభవమే. తాడిపత్రి, ఉరవకొండ ప్రాంతములలో నల్లరేగడి కొంత యున్నను, మెట్టభూమిలో అధికభాగము లోతు తక్కువగల ఎర్రనేల. అది నీటిని ఎక్కువ దినములు నిలుపుకొనజాలదు. కావున మన సీమలోని మొక్కకు మొత్తము వాన ఎంత యనుట కంటె, రెండు వానల నడుమ ఎట్లు బ్రదుకవలెననుటయే పెద్ద సమస్య.

ఆకు చేయు బేరము

మొక్క తన ఆహారమును ఆకులో తయారుచేసికొనును. వేళ్లు తెచ్చిన నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిపి, సూర్యరశ్మి సహాయముతో చక్కెరగా మార్చును. ఈ పనికే కిరణజన్య సంయోగక్రియ యని పేరు. గాలిలో బొగ్గుపులుసు వాయువు మిక్కిలి స్వల్పము. పదివేల పాళ్ల గాలిలో అది నాలుగు పాళ్లకు కొంచెము మించి యుండును. దానిని లోనికి తీసికొనుటకై ఆకుమీద కంటికి కనబడనంత చిన్న రంధ్రములు వేలకొలదిగా గలవు. వీనిని పత్రరంధ్రము లందురు.

ఈ ద్వారములు తెరచినగాని వాయువు లోనికి రాదు. తెరచినంతనే లోపలి తేమ బయటికి పోవును. మూసికొనిన నీరు నిలుచును గాని ఆహారము తయారు కాదు. తెరచిన దాహము, మూసిన ఆకలి. ప్రతి మొక్కయు పగలంతయు ఈ రెంటి నడుమ బేరమాడుచునే యుండును.

ఈ బేరములో అన్ని మొక్కలు సమానముగా చెల్లించవు. ఒక కిలో బొగ్గుపులుసు వాయువును సంపాదించుటకు వేరుశనగ, వరివంటి మొక్కలు సుమారు 400 నుండి 500 లీటర్ల నీటిని గాలిలోనికి విడుచును. జొన్న, కొర్రవంటివి 250 నుండి 300 లీటర్లతో ఆ పనిని సాధించును. కలబంద, నాగజెముడువంటి వానికి 50 నుండి 100 లీటర్లు చాలును. ఈ భేద మెట్లు కలిగినదో చూతము.

వేరుశనగ దారి

భూమిమీది మొక్కలలో అధికసంఖ్యాకము ఒకే పాత పద్ధతిని అనుసరించును. వానిలో రుబిస్కో అను ఎంజైము బొగ్గుపులుసు వాయువును పట్టుకొని, మొదట మూడు కర్బన పరమాణువులు గల పదార్థమును చేయును. అందువలన వీనికి సి-3 వర్గమని పేరు. వేరుశనగ, కంది, ఉలవ, ప్రత్తి, ఆముదము, వరి, చింత, వేప ఈ వర్గములోనివే.

రుబిస్కోకు ఒక లోపము గలదు. అది అప్పుడప్పుడు బొగ్గుపులుసు వాయువునకు బదులు ప్రాణవాయువును పట్టుకొనును. అట్లు జరిగినప్పుడు మొక్క అంతకుముందు కూడబెట్టిన కర్బనములో కొంత వృథాగా పోవును. వేడి పెరిగినకొలది ఈ పొరపాటు అధికమగును. నీరు చాలక రంధ్రములు సగము మూసికొనినప్పుడు ఆకులోపల బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును గనుక, పొరపాటు మరింత పెరుగును. మండుటెండలో సంపాదనలో నాలుగవ వంతు వరకు ఈ విధముగా నష్టమగుట కలదు.

ఇట్లని వేరుశనగను నిందించుట న్యాయము కాదు. నూనెగింజగా దానికి వెల గలదు. దాని కట్టె పశువులకు మంచి మేత. దాని వేళ్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. అది కరవును ఓర్చుకొను ఉపాయములు గూడ ఎరుగును. ఎండ తీవ్రమైనప్పుడు నాలుగు చిన్నాకులను దగ్గరకు ముడుచుకొని వెలుతురును తప్పించుకొనును. పూత ఒక్కసారిగా ముగియక కొంతకాలము సాగును గనుక, నడుమ బెట్ట వచ్చినను తరువాతి వానకు మరల పూయగలదు. ఈ గుణములచేతనే అది ఈ సీమలో వ్యాపించి, ఒకానొకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టారుల వరకు ఆక్రమించినది.

అయితే ఊడలు నేలలోనికి దిగునప్పుడును, కాయ ఊరునప్పుడును పైనేలలో తేమ యుండి తీరవలెను. కాయకు కావలసిన సున్నము వేళ్లద్వారా గాక కాయ చుట్టునున్న మట్టినుండియే అందును. మట్టి ఎండినచో అది అందదు. ఆ దినములలో వాన తప్పినచో, చెట్టు పచ్చగా కనబడుచున్నను కాయ తాలుపోవును. పైరంతయు ఒకే వర్గమునకు చెందియున్నచో ఊరంతటికి ఒకేసారి నష్టము వచ్చును. లోపము వేరుశనగలో లేదు. దానిని ఒక్కదానినే నమ్ముకొనుటలో నున్నది.

కొర్ర, జొన్నల దారి

1966వ సంవత్సరములో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున హ్యాచ్, స్లాక్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు చెరకు ఆకును పరీక్షించి, అందు మరొక పద్ధతి నడచుచున్నదని నిరూపించిరి. ఈ పద్ధతిలో మొదట తయారగు పదార్థమున నాలుగు కర్బన పరమాణువు లుండును గనుక దీనిని సి-4 వర్గమనిరి. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, సామ, అరిక, మొక్కజొన్న, తోటకూర ఈ వర్గములోనివి.

ఈ మొక్కల ఆకులో పని రెండు గదులలో జరుగును. బయటి కణములలో నుండు వేరొక ఎంజైము బొగ్గుపులుసు వాయువును గట్టిగా పట్టుకొనును. అది ప్రాణవాయువును చూచి పొరపడదు. పట్టుకొనిన సరకును ఈనెల చుట్టును దండవలె అమరియున్న లోపలి కణములకు చేరవేయును. అచ్చట బొగ్గుపులుసు వాయువు దట్టముగా కూడియుండుటచే రుబిస్కోకు పొరపాటు చేయు అవకాశము మిక్కిలి తక్కువ. రంధ్రములను కొంచెముగా తెరచినను పని సాగును, నీరు మిగులును. రుబిస్కో తక్కువైనను చాలును గనుక నత్రజని అవసరము గూడ కొంత తగ్గును. బలహీనమైన మన ఎర్రనేలలో కొర్ర, అరికలు పూర్వమునుండి నిలిచియుండుటకు ఇది యొక కారణము.

ఈ పరిశోధనలో తెలుగువారి కృషియు గలదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో ఆచార్య వి. ఎస్. రామదాస్ గారు, వారి శిష్యులు ఈ వర్గపు మొక్కలను గూర్చి విస్తారముగా పరిశోధించిరి. పొన్నగంటికూర ప్రజాతిలోని రెండు మొక్కలు ఈ రెండు పద్ధతులకు నడిమి స్థితిలో నున్నవని అచ్చటివారు 1986లో ప్రకటించిరి.

ఇక్కడ రెండు సంగతులు మరువరాదు. మొదటిది, సి-4 వర్గమైనంతమాత్రమున ప్రతి పైరును కరవును ఓర్వదు. చెరకు, మొక్కజొన్న ఆ వర్గములోనివే. అవి నీటిని పొదుపుగా వాడినను, పెద్దగా ఎదుగుటచే వాని మొత్తపు అవసర మెక్కువ. మొక్కజొన్న పూత సమయమున ఒక్క వారము నీరు లేకున్నను గింజ పట్టదు. కొర్రవంటి పైరు చిన్నదై, తక్కువ దినములలో కోతకు వచ్చుటచే మన వానకు ఇముడును. రెండవది, గరిక, తుంగవంటి మొండి కలుపు మొక్కలు గూడ సి-4 వర్గములోనివే. వేడిలో, బెట్టలో అవి వేరుశనగను మించి ఎదిగి, ఉన్న కాస్త తేమను కాజేయును. కావున తొలి దినములలో కలుపు తీయుట నీరు పెట్టుటతో సమానము.

రాత్రివేళ తెరచు ద్వారములు

మూడవ పద్ధతి మిక్కిలి విచిత్రమైనది. దానిని తొలుత గమనించినవారిలో ఒకరు మన తెలుగుదేశములో పనిచేసినవారే. ఈస్టిండియా కంపెనీవారికి సామర్లకోటలో వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండిన బెంజమిన్ హేన్ రణపాల ఆకును వేర్వేరు వేళలయందు రుచి చూచెను. ఉదయమున అది పుల్లగా నుండెను. మధ్యాహ్నమునకు పులుపు పోయి చప్పనయ్యెను. ఈ సంగతిని ఆయన వ్రాసిపంపగా లండనులోని లిన్నియన్ సంఘమువారు 1815లో తమ సంపుటమున ప్రచురించిరి. దీని కారణము పూర్తిగా తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

రణపాలవంటి మొక్కలు పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనములో తెరచును. రాత్రి గాలిలో ఎండ లేదు, వేడి తక్కువ. తేమ అంతగా పోదు. అప్పుడు లోనికి వచ్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లముగా మార్చి కణములలోని తిత్తులలో దాచుకొనును. ఉదయపు పులుపు ఇదే. పగలు ద్వారములు మూసియుండగనే, దాచిన ఆమ్లమునుండి వాయువును మరల విడుదలచేసి, సూర్యరశ్మితో చక్కెరను చేసికొనును. సాయంకాలమునకు పులుపు ఖర్చగును.

కలబంద, కిత్తనార, నాగజెముడు, నల్లేరు ఈ విధముగానే జీవించుచున్నవి. మన ఇండ్లలో పప్పులో వేసికొను గంగపాయలకూర ఇంకను నేర్పరి. తేమ యున్నంతకాలము అది సి-4 పద్ధతిని నడపును. బెట్ట వచ్చినప్పుడు దానితోపాటు ఈ రాత్రి పద్ధతిని గూడ ఆరంభించును. బెట్టకు గురియైన గంగపాయలకూరను తెల్లవారుజామున కొంత, సాయంకాలమున కొంత కోసి రుచి చూచినచో, ఈ భేదమును బడి పిల్లలును తెలిసికొనగలరు. రణపాలలో పశువులకు హానిచేయు పదార్థములు గలవు గనుక దానితో ఈ పరీక్ష చేయకుండుట మేలు.

ఈ పద్ధతికి గూడ మూల్యమున్నది. రాత్రి దాచుకొనిన దానితో పగలు గడుపు మొక్క మెల్లగా పెరుగును. అందుచే వీనిని ధాన్యపు పైరులవలె నమ్ముకొనలేము. కంచెకు, గట్టునకు, కరవునాటి మేతకు వాడుకొనవచ్చును. మెక్సికో, బ్రెజిలు దేశములలో నాగజెముడు జాతి మట్టలను ముండ్లు కాల్చియో, ముండ్లులేని రకములను పెంచియో పశువులకు వేయుచున్నారు. ఆ మట్టలో నూటికి తొంబది పాళ్లు నీరే, మాంసకృత్తులు తక్కువ. కావున ఎండుమేతతో కలిపి వేయవలెను. అయితే ముండ్ల నాగజెముడు పూర్వము మద్రాసు రాష్ట్రములో భూములను ఆక్రమించి బాధింపగా, 1920వ దశాబ్దములో దానిని తిను పురుగును తెప్పించి అదుపుచేసిరి. ముండ్లులేని రకము నైనను కంచె లోపలనే పెంచుట వివేకము.

కణములో దాచిన బలము

కంది, ఉలవలు సి-3 వర్గములోనివైనను కరవును బాగుగ ఓర్చుకొనును. వాని వేళ్లు లోతుగా పోవును. అంతేగాక, నేల ఎండుచున్నప్పుడు ఆ మొక్కలు చక్కెరలను, ప్రోలీను అను పదార్థమును, కొన్ని లవణములను కణములలో కూడబెట్టుకొనును. ఉప్పులో వేసిన మామిడిముక్క నుండి ఉప్పు నీటిని లాగినట్లు, ఈ పదార్థములు నీటిని కణమువైపు లాగి నిలుపును. అందుచే ఆకు వడలక, వేరు మరికొంత నీటిని పీల్చుకొనగలుగును.

మిక్కిలి ఎత్తైన హిమాలయ పర్వతములలోని మొక్కలు గూడ చలికాలమునకు ముందు ఇట్లే చక్కెరలను, ప్రోలీనును కూడబెట్టుట గలదు. మంచు కట్టినప్పుడు కణములలోని నీరు బయటికి పోవును. అదియు ఒక విధమైన దాహమే. చలి యైనను ఎండ యైనను, నీటిని పోగొట్టుకొను కణము తన్ను కాపాడుకొను మార్గము చాలవరకు ఒక్కటే యనుట గమనింపదగినది.

వేరుశనగలో అక్కడక్కడ కందిసాళ్లు వేయుట, తొలకరి తప్పినప్పుడు ఆలస్యముగా ఉలవ చల్లుట మన పెద్దల అలవాటు. లోతువేరు గల పైరును, పైవేరు గల పైరును కలుపుటయందలి మేలును వారు అనుభవముచే ఎరిగియుండిరి.

కరవు మిగుల్చు విషములు

బెట్టకాలమున మొక్కలో జరుగు మార్పులు కొన్ని మనకును, పశువులకును ప్రమాదకరములు. జొన్న ఆకులో ధురీను అను పదార్థ ముండును. పశువు నమలినప్పుడు అది చితికి ప్రాణాంతకమగు సైనైడు విషము వెలువడును. లేతపైరులోను, బెట్టకు గిడసబారిన పైరులోను, కోసిన మోళ్లనుండి వానకు మరల చిగిర్చిన పిలకలలోను ఈ పదార్థ మధికము. మన రైతులు నామని పిలుచునది ఇదే. నాము మేసిన పశువు కొద్దిసేపటిలోనే రొప్పుచు, తూలుచు, నురగలు క్రక్కుచు పడిపోవును. సకాలమున పశువైద్యుడు సోడియం థయోసల్ఫేటు మొదలగు మందులను సూదిద్వారా ఎక్కించినచో బ్రదుకవచ్చును. నాటుమందులతో కాలయాపన చేయరాదు. పూతకు రాని జొన్నచేనిలోనికి ఆకలిగొన్న పశువులను వదలకుండుట, కోసిన చొప్పను బాగుగ ఎండించి వేయుట దీనికి నివారణ.

వేరుశనగ విషయములో మరియొక జాగ్రత్త కావలెను. కాయ పక్వమగు చివరి వారములలో బెట్ట, వేడి కలిసినచో గింజ తన్ను కాపాడుకొను పదార్థములను తయారుచేసికొనలేదు. అప్పుడు నేలలోని ఒక బూజు గింజలో ప్రవేశించి అఫ్లాటాక్సిను అను విషమును పుట్టించును. అది కాలేయమునకు హానికరము. పగిలిన, ముడుతపడిన, బూజుపట్టిన కాయలను ఏరివేసి, తక్కినవానిని బాగుగ ఆరబెట్టి నిలువచేయవలెను. ఏరివేసిన కాయలను పశువులకు గూడ వేయరాదు.

పంచాయతీలు చేయదగిన పనులు

ఈ వివరములను బట్టి పంచాయతీ సభ్యులు కొన్ని పనులను తలపెట్టవచ్చును.

ఒకటి: ఖరీఫునకు ముందు జరుగు గ్రామసభలో, ఊరి మెట్టభూమి అంతయు ఒకే పైరు క్రింద నున్నదా యని విచారింపవలెను. ప్రతి రైతు తన పొలములో కొంత భాగమున కొర్ర, సజ్జ, జొన్నలను, వేరుశనగలో కందిసాళ్లను వేసికొనునట్లు ప్రోత్సహింపవలెను. కొన్నవారు లేకున్న చిరుధాన్యము నిలువదు గనుక, వానిని దంచి బియ్యము చేయు యంత్రము, అమ్మకపు ఏర్పాటు గూర్చి గూడ ఆలోచింపవలెను.

రెండు: వేరుశనగ వేయువారు తక్కువ దినములలో కోతకు వచ్చు రకములను, బెట్టనోర్చు రకములను ఎంచుకొనవలెను. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ తయారుచేసిన ఐ.సి.జి.వి. 91114 రకము 2006లో మన రాష్ట్రమునకు విడుదలయినది. కదిరి పరిశోధనా స్థానము కదిరి-6, కదిరి లేపాక్షి మొదలగు రకములను ఇచ్చినది. అనంతపురము చెంతనున్న రేకులకుంట పరిశోధనా స్థానము మెట్టసేద్యమును గూర్చి సలహా లీయగలదు. ఊరి నేలకు తగిన రకమును వ్యవసాయాధికారిని సంప్రదించి నిర్ణయించుకొనవలెను.

మూడు: బంజరులలోను గట్లమీదను వేడికి, బెట్టకు నిలుచు గడ్డిజాతులను, కిత్తనార, కలబందలను పెంచవచ్చును. కొంత స్థలమును ముండ్లులేని నాగజెముడునకు కంచెవేసి ఉంచినచో కరవునాడు పశువులకు నీరును మేతయు ఒకేచోట లభించును.

నాలుగు: బెట్ట తరువాత మొదటి వాన కురిసిన దినములలో నాము ప్రమాదమును దండోరా వేయించి పశువుల కాపరులకు తెలుపవలెను. పశువైద్యుని దూరవాణి సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయింపవలెను.

వానను రప్పించుట మన చేతిలో లేదు. కురిసిన వానను ఏ మొక్కకు అప్పగించవలెనో నిర్ణయించుట మాత్రము మన చేతిలోనే యున్నది. ఒక కుండెడు నీటికి ఏ మొక్క ఎంత ప్రతిఫల మిచ్చునో తెలిసిన ఊరు, వాన తప్పిన యేడును కొంత గింజను, కొంత మేతను దక్కించుకొనగలదు.